ఇరుగుపొరుగు కంప్యూటర్లు

ప్రింటర్‌లో కాగితం ఇరుక్కోవడం వల్ల ఒక ఉద్యమం పుట్టిందంటే నమ్మబుద్ధి కాదు గానీ, నిజంగానే పుట్టింది. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకి జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అందరికీ కలిపి అదొక్కటే. అది ఒక అంతస్తులో, పనిచేసేవాళ్ళలో చాలామంది వేరే అంతస్తులో. ప్రింట్ ఇచ్చి, కాసేపాగి, మెట్లెక్కి వెళ్తే కాగితం ఇరుక్కుని ఎప్పుడో ఆగిపోయి ఉండేది. అంతకుముందున్న ప్రింటర్‌కి రిచర్డ్ స్టాల్‌మన్ ఒక ఏర్పాటు చేశాడు. అది ఆగిపోగానే, ప్రింట్ కోసం ఎదురుచూస్తున్న వాళ్ళందరి తెరల మీదా కబురు కనపడేది. ఎవరో ఒకరు లేచి వెళ్ళి సరిచేసేవాళ్ళు. కొత్తదానికీ అదే చేద్దామంటే దాని సోర్స్ కోడ్ లేదు. ఆ కోడ్ ఉన్న కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చాను, ఇవ్వలేను అన్నాడు. ఆ మాట స్టాల్‌మన్ మర్చిపోలేదు. 1983 సెప్టెంబర్ 27న ఆయన గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి అదే మొదలు.

కంప్యూటర్ల చరిత్ర అనగానే మనకి గ్యారేజీలు, కుర్ర మేధావులు, చిప్‌లు గుర్తొస్తాయి. ఇంట్లో రెండు కంప్యూటర్లు ఒక ఫోల్డర్ని, ఒక ప్రింటర్ని పంచుకోవడం చరిత్ర కిందికి రాదు, అది మెకానిక్ పని. నాకు మాత్రం ఆ పనిలోనే చరిత్ర ఎక్కువ కనిపిస్తుంది. పైగా తెలుగు పుస్తకాల చరిత్ర ముక్క ఒకటి అందులో ఇరుక్కుని ఉంది. దాన్ని నేను చూసింది పేట్ బషీరాబాద్‌లో, మా అక్కావాళ్ళింట్లో. అక్కడికి వెళ్ళేముందు ఒకసారి 1985కి వెళ్ళాలి.

ఆ ఏడాది ఆపిల్ కంపెనీ లేజర్‌రైటర్ అనే ప్రింటర్ తెచ్చింది. ధర 6,995 డాలర్లు. కంప్యూటర్ కంటే ప్రింటరే చాలా ఖరీదు. బల్లకొకటి కొనే మాటే లేదు. అందుకని ఆపిల్‌టాక్ అనే పద్ధతిలో ఆఫీసులోని మెకింటాష్‌లన్నీ ఒకే వైరుకి తగిలించి, అందరూ ఒకే ప్రింటర్ వాడుకునే వీలు పెట్టారు. అదే ఏడాది ఆల్డస్ అనే కంపెనీ పేజ్‌మేకర్ విడుదల చేసింది. ఈ కలయిక పేరే డెస్క్‌టాప్ పబ్లిషింగ్, మన వీధి బోర్డుల మీది డీటీపీ. అంటే ప్రింటర్ పంచుకోవడం డీటీపీకి తర్వాత తగిలించిన సౌకర్యం కాదు, పుట్టుకలోనే ఉంది.

మన దగ్గర సీసపు అక్షరాలు ఏరే కంపోజిటర్లు పోయి డీటీపీ ఆపరేటర్లు వచ్చాక, చిక్కడపల్లి సందుల్లో చిన్న గదుల్లో ఇదే దృశ్యం. మూడు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటర్. ఒకరు టైపు కొడతారు, ఒకరు పేజీలు కడతారు, ప్రూఫులు దిద్దాక చివరి కాపీ ట్రేసింగ్ పేపర్ మీద తీసి ప్లేట్‌కి పంపిస్తారు. అయితే తెలుగుకి ఇంకో చిక్కు ఉంది. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది గానీ పేజ్‌మేకర్‌కి ఆ సంగతి ఎప్పటికీ తెలియలేదు. దాని ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది, తర్వాత కథ ఆగిపోయింది. అందుకే అను, శ్రీలిపి లాంటి ఫాంట్లు తెలుగు అక్షరాల ముక్కల్ని, తలకట్టునీ కొమ్మునీ వత్తునీ, ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో కూచోబెట్టాయి. కంటికి అది తెలుగు, కంప్యూటర్‌కి మాత్రం అర్థంలేని ఇంగ్లిష్. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే గండపెండేరం కాస్తా గుర్తుపట్టలేని చుక్కలూ గీతలూ అయిపోతుంది.

కాబట్టి మనవాళ్ళకి ఫైలు పంచుకోవడం కంటే ప్రింటర్ పంచుకోవడమే నమ్మకమైన పని. ఫైలు పక్క కంప్యూటర్‌కి వెళ్తే అక్షరాలు చెదిరిపోతాయి. అదే నా కంప్యూటర్ నుంచి పక్కదానికి తగిలించిన ప్రింటర్‌కి పంపిస్తే, ఫాంట్ నా దగ్గరుంటే చాలు. ఈ సుళువు ఎవరూ పుస్తకంలో రాసినట్టు లేదు గానీ, ప్రతి డీటీపీ ఆపరేటర్‌కీ తెలుసు.

మా బావ ఆ పని చిక్కడపల్లిలోనే నేర్చుకుని, తర్వాత పేట్ బషీరాబాద్‌లో ఇంటి కింది గదిలో సొంతంగా పెట్టుకున్నాడు. ఆయన పాత విజిటింగ్ కార్డులు ఒక కట్ట ఇప్పటికీ సొరుగులో ఉన్నాయి. ఒకదాంట్లో కుత్బుల్లాపూర్ మున్సిపాలిటీ, రంగారెడ్డి జిల్లా. 2007లో మున్సిపాలిటీ జీహెచ్ఎంసీలో కలిసింది, కొత్త కార్డు. 2016లో జిల్లా మేడ్చల్ అయింది, ఇంకో కార్డు. ఇల్లు మాత్రం ఒక్క అడుగు జరగలేదు. ఈ సంగతి ఊరికే చెప్పట్లేదు, మళ్ళీ పనికొస్తుంది.

కింది గదిలో ఒక పాత డబ్బా, దానికి తగిలించిన లేజర్ ప్రింటర్. ఆ డబ్బాలో ఇరవై ఏళ్ళకి పైబడిన పని ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, కులసంఘాల డైరెక్టరీలు, వాటి మధ్య పుస్తకాలు. సొంత డబ్బులతో మూడొందలు, ఐదొందల కాపీలు వేసుకున్న కవులవి, రిటైరైన టీచర్లవి. వాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. ఆ పుస్తకాలు ఏ లైబ్రరీలో ఉన్నాయో చెప్పడం కష్టం. బావ డబ్బాలో మాత్రం ఉన్నాయి, రచయిత ఇంటిపేరుతో ఒక్కో ఫోల్డర్. పోయినేడు ఒక కవి మనవరాలు ఫోన్ చేసి, తాతయ్య పుస్తకం మళ్ళీ వేద్దామనుకుంటున్నాం, సాఫ్ట్ కాపీ ఉందా అని అడిగింది. ఉంది. పై అంతస్తులో మేనకోడలి కొత్త లాప్‌టాప్‌లోకి తీసుకుని మెయిల్ చేస్తే అయిపోతుంది. కానీ కింది డబ్బా పై లాప్‌టాప్‌కి కనపడటం లేదు. ప్రింటర్ కూడా అంతే. "మొన్నటిదాంక పాత లాప్‌టాప్‌తోని మంచిగనే మాట్లాడుకున్నయి గద బామ్మర్దీ" అన్నాడు బావ.

మాట్లాడుకోవడం అనే మాట ఆయన యథాలాపంగా అన్నాడు గానీ, సరిగ్గా అదే ఇక్కడి సమస్య.

ఇలాంటప్పుడు మొదట చూడాల్సింది రెండూ ఒకే వీధిలో ఉన్నాయా అని. బ్రాడ్‌బ్యాండ్ వైరు కిందికి వచ్చింది, పైకి వైఫై అందక మెట్ల దగ్గర ఇంకో రౌటర్ పెట్టారు. హైదరాబాద్‌లో రెండంతస్తుల ఇళ్ళలో ఇది మామూలే. కింది రౌటర్ 192.168.0తో మొదలయ్యే నంబర్లు ఇస్తోంది, పై రౌటర్ 192.168.1తో మొదలయ్యేవి. ఒకే ఇంట్లో రెండు వీధులన్నమాట. పైదాన్ని సొంతంగా నంబర్లు పంచకుండా, కిందిదాని సిగ్నల్ మాత్రమే మోసేలా మారిస్తే ఆ గోడ పోయింది. ఇంకో సంగతి, ఈ నంబర్లు శాశ్వతం కాదు. రౌటర్ ఆపి పెడితే డబ్బాకి వేరే నంబర్ రావచ్చు. అప్పుడు లాప్‌టాప్‌లోని ప్రింటర్ సెట్టింగ్ పాత అడ్రస్‌కే కాగితాలు పంపుతూ కూచుంటుంది, కుత్బుల్లాపూర్ మున్సిపాలిటీ పేరుతో ఉత్తరం రాసినట్టు. అందుకని డబ్బాకి ఒక నంబర్ కట్టేశాం. లాప్‌టాప్ మన ఇంటి వైఫైని బజారు వైఫైలాగా 'పబ్లిక్' అనుకుంటోంది, దాన్ని 'ప్రైవేట్' అని మార్చాం. ఇప్పుడు పింగ్ కొడితే డబ్బా బదులిస్తోంది. ఫోల్డర్ మాత్రం తెరుచుకోదు.

ఇక్కడ మెకానిక్ పని అయిపోయి చరిత్ర మొదలవుతుంది.

1983లో ఐబీఎం కంపెనీ తన పీసీలని కలపడానికి నెట్‌బయాస్ అనే పద్ధతి తెచ్చింది. అందులో కంప్యూటర్‌కి నంబర్ కాదు, పేరు ముఖ్యం. పదిహేను అక్షరాల పేరు. (విండోస్‌లో కంప్యూటర్‌కి పొడుగు పేరు పెడితే ఇవాళ్టికీ గొణుగుతుంది, ఎందుకంటే ఆ పదిహేను ఇంకా పోలేదు.) ఎవరైనా కొత్తగా వస్తే వీధి మధ్యలో నిలబడి తన పేరు గట్టిగా అరవాలి. ఆ పేరు ఇంకెవరికీ లేకపోతే అది అతనిదే. ఆ రోజుల్లోనే ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ ఒక యంత్రంలోని ఫైళ్ళు ఇంకో యంత్రం నుంచి తెరిచే పద్ధతి రాశాడు. మొదట తన పేరులోని పొడి అక్షరాలతో బీఏఎఫ్ అని పెట్టుకున్నాడు, తర్వాత ఎస్ఎంబీ అని మార్చాడు. ఇప్పుడు మనం 'షేర్డ్ ఫోల్డర్' అంటున్నదాని వెనక ఉన్నది అదే.

దీన్ని ఇళ్ళదాకా తెచ్చింది మైక్రోసాఫ్ట్. 1992లో విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్, 1995లో డెస్క్‌టాప్ మీద 'నెట్‌వర్క్ నైబర్‌హుడ్' బొమ్మ. నైబర్‌హుడ్, అంటే ఇరుగుపొరుగు. పేరుకి తగ్గట్టే అది పల్లెటూరి పద్ధతి. వీధిలో ఎవరెవరున్నారో చిట్టా రాయడానికి కంప్యూటర్లు తమలో తాము ఎన్నిక పెట్టుకుని ఒక పెద్దని ఎంచుకునేవి. సాంకేతికంగా దాని పేరు కూడా ఎలక్షనే. చిట్టా అంత తాజాగా ఉండేది కాదు, ఆపేసిన కంప్యూటర్ ముప్పావుగంట తర్వాత కూడా అందులో కనపడుతూ ఉండొచ్చు. పైగా ఎక్స్‌పీ హోమ్‌లో గుంపు పేరు 'ఎంఎస్‌హోమ్', ప్రొఫెషనల్‌లో 'వర్క్‌గ్రూప్'. ఒకే గదిలో ఉన్న రెండు కంప్యూటర్లు ఆ తేడా వల్ల ఒకే చిట్టాలో కనపడేవి కావు. ఆ దశాబ్దంలో ఎన్ని డీటీపీ సెంటర్లలో ఎన్ని సాయంత్రాలు దీనికి బలైపోయాయో!

ఈ పద్ధతి అంతటికీ పునాది నమ్మకం. వైరుకి తగిలావంటే నువ్వు మనవాడివే. పాస్‌వర్డ్ లేకపోయినా 'గెస్ట్' పేరుతో లోపలికి రా, కావాల్సింది తీసుకో. వైరు అవతలి కొస ఇంటర్నెట్‌కి తగలనంత కాలం ఇందులో ప్రమాదం తక్కువే.

నాకు ఈ చరిత్రలో అందరికంటే ఇష్టమైనవాడు ఆండ్రూ ట్రిడ్జెల్. 1991 డిసెంబర్‌లో ఆయన కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పరిశోధన విద్యార్థి. యూనిక్స్ యంత్రంలోని ఫైళ్ళు తన పీసీలో కనపడాలి. రెండు యంత్రాల భాషలు వేరు, నిఘంటువు లేదు. వైరు మీద ప్రవహించే మాటలు పట్టి, ఏమంటే ఏం బదులొస్తోందో గమనిస్తూ ఆ భాషని తిరగరాసుకున్నాడు. తర్వాత ఈ పద్ధతిని ఫ్రెంచి కాఫీ హోటల్‌తో పోల్చి చెప్పేవాడు. భాష రాని వాడు హోటల్లో కూచుని, పక్క బల్ల వాళ్ళు ఏం అడిగితే ఏం వస్తోందో చూసి నేర్చుకోవడం లాంటిదట. ఆ పని పక్కన పడేసి మర్చిపోయాడు కూడా. రెండేళ్ళ తర్వాత భార్య విండోస్ పీసీనీ తన లైనక్స్‌నీ కలపాల్సి వచ్చి, ఏం దొరుకుతుందా అని వెతికితే తన పాత ప్రోగ్రామే పనికొచ్చింది. అంటే ఆ సాఫ్ట్‌వేర్‌కి రెండో జన్మ ఇచ్చింది ఒక ఇంట్లో, ఇద్దరు మనుషుల మధ్య ఉన్న రెండు కంప్యూటర్లు. దానికి పెట్టుకున్న పేరు వేరే కంపెనీ వాళ్ళదని తెలిసి, ఎస్, ఎం, బీ వరసగా వచ్చే మాటల కోసం డిక్షనరీలో వెతికి 'సాంబా' అని పెట్టాడు. ఇవాళ ఇళ్ళలోని చాలా నెట్‌వర్క్ హార్డ్‌డిస్కుల్లో నడిచేది అదే.

భాష అన్నాను గదా. ఎస్ఎంబీలో నిజంగానే దాన్ని 'డైలెక్ట్' అంటారు, మాండలికం. రెండు కంప్యూటర్లు కలవగానే ఒకటి తనకొచ్చిన మాండలికాల పట్టీ చదువుతుంది, రెండోది అందులోంచి తనకీ వచ్చినదాన్ని ఎంచుకుంటుంది. ఉమ్మడిగా ఒక్కటీ లేకపోతే సంభాషణ అక్కడితో ఆఖరు. బావ డబ్బాకి వచ్చినది మొదటి తరం మాండలికం ఒక్కటే. దాని వయసు అలాంటిది. కొత్త లాప్‌టాప్‌కి ఆ మాండలికం నేర్పకుండానే పంపించారు. పాత లాప్‌టాప్ పాడైపోయిన రోజునే ఇంట్లో దుబాసీ పోయాడన్నమాట.

ఎందుకు నేర్పలేదు అంటే, 2017. అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ ఈ మొదటి మాండలికంలో ఒక కన్నం కనిపెట్టి, ఎవరికీ చెప్పకుండా తన దగ్గరే ఉంచుకుంది. షాడో బ్రోకర్స్ అనే ముఠా దాన్ని ఎత్తుకొచ్చి ఏప్రిల్‌లో బజార్లో పెట్టింది. మైక్రోసాఫ్ట్ నెల ముందే మార్చిలో మందు విడుదల చేసింది గానీ చాలామంది వేసుకోలేదు. మే 12న వానాక్రై బయల్దేరింది. మెయిల్ తెరవక్కర్లేదు, లింకు నొక్కక్కర్లేదు. ఒక కంప్యూటర్‌కి పడితే అది ఎస్ఎంబీ తలుపుల గుండా పక్కదానికి, అక్కణ్ణించి ఇంకోదానికి. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి 300 డాలర్లు అడిగేది. 150 దేశాల్లో రెండు లక్షలకి పైగా కంప్యూటర్లు. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన వైపు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయి, చిత్తూరు జిల్లాలో సహా. ఇరుగుపొరుగు నమ్మకమే దారి అయిపోయింది.

ఆ అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10లో ఒక విచిత్రమైన ఏర్పాటు పెట్టారు. మొదటి మాండలికాన్ని పదిహేను రోజులపాటు ఎవరూ వాడకపోతే, అది తనంతట తానే మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోతుంది. 2018లో హోమ్‌గ్రూప్ కూడా తీసేశారు. ఇల్లంతటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి విండోస్ 7తో వచ్చిన సుళువైన పద్ధతి అది, నాకైతే ఇప్పటికీ దిగులే. ప్రింటర్ల వంతు 2021లో వచ్చింది. ప్రింట్ పనుల్ని వరసలో పెట్టే స్పూలర్‌లో ప్రింట్‌నైట్‌మేర్ అనే పెద్ద లోపం బయటపడింది. అదే సెప్టెంబర్‌లో వచ్చిన ఇంకో భద్రతా అప్‌డేట్‌తో, షేర్ చేసిన ప్రింటర్లు ఎన్నో చోట్ల రాత్రికి రాత్రి ఆగిపోయి, చివర 11బి ఉండే ఒక ఎర్రర్ నంబర్ చూపించాయి. ప్రతి ప్రమాదం తర్వాతా ఒక తలుపు మూసుకుంది. ఇంట్లో ప్రింటర్ పనిచేయనప్పుడు మనం తిట్టుకునేది ఆ మూసిన తలుపుల్నే.

బావ అప్పటికే యూట్యూబ్‌లో ఒక వీడియో చూసి పెట్టాడు. కంట్రోల్ పానెల్‌లో ఒక గడిలో టిక్కు పెడితే లాప్‌టాప్‌కి ఆ పాత మాండలికం మళ్ళీ వచ్చేస్తుంది. ఐదు నిమిషాల పని. నేను వద్దన్నాను. ఆ లాప్‌టాప్ ఇంట్లోనే ఉండేది కాదు, మేనకోడలితో పాటు రోజూ కాలేజీ వైఫైకి, హాస్టల్ స్నేహితుల గదులకి వెళ్ళొస్తుంది. ఎక్కడైనా ఏదైనా అంటించుకుని వస్తే, ఏ మందూ వేసుకోలేని ఆ ముసలి డబ్బా ఒక్క రాత్రి కూడా నిలవదు. అందులో ఉన్నవి ఇంకెక్కడా లేవు.

"మరి తలుపు మూసి పెడ్తె గవన్నీ అండ్లనే సచ్చిపోతయి గదరా" అన్నాడు బావ. అదీ నిజమే. హార్డ్‌డిస్కు అప్పటికే స్టార్ట్ చేసినప్పుడల్లా టిక్కుటిక్కుమంటోంది. భద్రత అనే మాటకి ఈ రెండో అర్థం కూడా ఉందని ఆ ఎర్రర్ నంబర్లు పెట్టినవాళ్ళకి తట్టే అవకాశం తక్కువ. పాతదాన్ని కొత్తదానికి దూరంగా ఉంచడం కొత్తదానికి క్షేమం. పాతదాని సంగతి ఎవరు చూడాలి? యూనికోడ్‌లో ఉన్నదయితే ఏదో ఒక దారిన బయటికి తెచ్చుకుంటాం. ఇది ఆ డబ్బా, ఆ పేజ్‌మేకర్, ఆ ఫాంట్ మూడూ బతికుంటేనే చదవగలిగే తెలుగు.

కడకి డబ్బాని నెట్‌వర్క్ నుంచి పూర్తిగా విప్పేశాం. ప్రింటర్ పైకి, లాప్‌టాప్ దగ్గరికి మారింది. కింద పేజ్‌మేకర్‌లో ఒక్కో పుస్తకం తెరవడం, దానితోపాటు వచ్చిన డిస్టిల్లర్‌తో పీడీఎఫ్ చేయడం. పీడీఎఫ్‌లో ఫాంట్‌ని ఫైలు లోపలే కూరి పంపొచ్చు, కాబట్టి ఎక్కడ తెరిచినా తెలుగు తెలుగులాగే ఉంటుంది. అసలు పేజ్‌మేకర్ ఫైలు, పీడీఎఫ్ రెండూ పెన్‌డ్రైవ్‌లో మెట్లెక్కి పైకి వెళ్తాయి. అక్కడ వైరస్ ఉందేమో చూసి, రెండు చోట్ల కాపీ. తర్వాత అను నుంచి యూనికోడ్‌కి మార్చే పని. మార్పిడిలో వత్తులు ఒక్కోసారి పక్క అక్షరానికి అతుక్కుంటాయి, కొన్ని సంయుక్తాక్షరాలు పూర్తిగా మాయమవుతాయి. అందుకే పీడీఎఫ్ కాగితాల మీద ప్రింట్ తీసి, పక్కన పెట్టుకుని, అక్క గట్టిగా చదువుతుంటే బావ తెర మీద దిద్దుతాడు, పాత రోజుల్లో ప్రూఫులు చూసినట్టే.

కవి మనవరాలికి ఆ పుస్తకం మార్చి నెలలో వెళ్ళింది. నూట పన్నెండు పేజీలకి నాలుగు ఆదివారాలు పట్టింది. ఫోల్డర్లు ఇంకా అరవై దాకా ఉన్నాయి. హార్డ్‌డిస్కు చప్పుడు ఎక్కువవుతోందని, బావ ముందు చనిపోయిన రచయితలవి తీస్తున్నాడు.